ప్రవాసాంధ్రుల ఇండ్లలో దంతధావనము

సంఘ సంచికలలో మనము సాధారణముగా మన పూర్వులు కొలిచిన దైవములను గూర్చియు, వారిని ఆదరించిన ప్రభువులను గూర్చియు, వారు నెలకొల్పిన సత్రములను గ్రంథాలయములను గూర్చియు వ్రాసికొనుచుందుము. అవి వ్రాయదగినవే. అయినను ఒక కుటుంబము పుట్టిన యూరు విడిచి పరసీమకు తరలునప్పుడు మూటగట్టుకొని పోవునది శాసనములను గాదు; తెల్లవారి లేచినది మొదలు రాత్రి పండుకొనువరకు చేసికొను చిన్నచిన్న పనుల తీరును. ఆ పనులలో మొదటిది పండ్లు తోముకొనుట. దీనికొక చరిత్రయా యని కొందరు నవ్వవచ్చును. నవ్వుటకైనను పండ్లు కావలెను గనుక ఆ నవ్వును మా పక్షమున సాక్ష్యముగా గ్రహించి ముందునకు సాగెదము.

మన ఇండ్లలో "వయసు మీరినది, పండ్లు పోయినవి" అను రెండు మాటలును ఒక్క ఊపిరిలో వినవచ్చును. తల నెరయుట యెట్టిదో పండ్లూడుటయు నట్టిదే యని మన భావన. ఏబదియేండ్లు దాటిన ఇల్లాలు మొదట జంతికలను చేగోడీలను పిల్లలకు విడిచిపెట్టును; పిదప చెరకును, జామకాయను; కడకు మజ్జిగలో మెత్తగా పిసికిన అన్నమే ఆమెకు మిగులును. దీనిని వ్యాధి యని యింటివారనరు, ఆమెయు ననదు. చిగుళ్ళ నొప్పి గలదని చెప్పుకొనుటకూడ సిగ్గుగా దలచును. ఈ ఊరకుండుట మన గృహచరిత్రలో మిక్కిలి పాతది. ఇది నిజముమీద నిలిచినదియు గాదు. పెద్దవారి పండ్లూడుటకు హేతువు ముఖ్యముగా రెండు వ్యాధులు: పండ్లు పుచ్చుట, చిగుళ్ళు చెడుట. రెండును చాలవరకు నివారింపదగినవే. జపానువారు 1989లో ఎనుబదియేండ్ల వయసున ఇరువది పండ్లు నిలుపుకొనవలెనని దేశమంతట ప్రచారము మొదలిడిరి. అప్పటికి అట్టి వృద్ధులు కొలదిమంది మాత్రమే యుండిరి. 2016 నాటి లెక్కలో వారు సగమునకు పైబడిరి. వయసు మారలేదు, అలవాటు మారినది.

మన ప్రాచీన వైద్యులును దీనిని విధివశముగా భావింపలేదు. సుశ్రుతసంహితలో నోటి వ్యాధులు అరువదియైదు లెక్కింపబడినవి. అవి పుట్టు తావులు ఏడుగా విభజింపబడినవి. పలుదోముపుల్ల పండ్రెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును ఉండవలెనని అందు విధించిరి. చేదు చెట్లలో వేపయు, వగరు చెట్లలో చండ్రయు, కారపు చెట్లలో కానుగయు శ్రేష్ఠములని చెప్పిరి. చరకసంహితలో దినమునకు రెండు మారులు పండ్లు తోమవలెనని కలదు. రాత్రి భోజనానంతరము పండ్లు తోముకొనుట దొరల అలవాటని తలచువారు ఈ మాటను గమనింతురు గాక. నువ్వులనూనె పుక్కిటబట్టుటవలని ఫలమును చరకుడు వర్ణించిన తీరు మాకు మరింత విలువగలదిగా తోచినది. దవడలకు బలము, కంఠస్వరమునకు బలము, ముఖమునకు నిండుదనము, అన్నమునందు రుచి: ఇవి యాయన చెప్పిన ఫలములు. పండ్ల తెలుపును గాక, నోటిచేత మనుష్యుడు జరుపుకొను జీవితమును ఆయన దృష్టియందుంచుకొనెను.

క్రీస్తుశకము ఏడవ శతాబ్ది చివర మన దేశమున తిరుగాడిన చైనా భిక్షువు ఇత్సింగు తన గ్రంథమున పలుదోముపుల్లకు ఒక ప్రకరణమునే కేటాయించినాడు. పుల్ల కొనను నమలి కుంచెగా చేసికొనుట, తోమిన పిదప దానిని చీల్చి వంచి నాలుక గీసికొనుట, కడిగి పారవేయుట యను క్రమము మన పల్లెలలో నిన్న మొన్నటివరకు నడచినదే. ఉపవాసదినములందును పితృకార్యదినములందును పుల్ల వాడరాదను నియమము కలవారు దానికి బదులుగా పండ్రెండు పుక్కిళ్ళు నీరు ఉమియుట మనలో పలువురెరిగిన ఆచారమే. అనగా పుల్ల మానిన దినమునగూడ నోరు కడుగుట మానలేదు.

ఈ పుల్లలో గుణమెంత, రాపిడిలో గుణమెంత యని అడుగువారికి ఒక ప్రయోగము చెప్పవలసియున్నది. డెన్మార్కు దేశమున 1965లో హారల్డ్ లో అను దంతవైద్యుడును ఆయన సహచరులును ఆరోగ్యవంతులైన పండ్రెండుగురిచేత పండ్లు తోముట మాన్పించిరి. మూడు వారములలోపుననే అందరి చిగుళ్ళును వాచినవి. మరల తోముట మొదలుపెట్టగా కొలది దినములలో నయమైనవి. పండ్లమీద పేరుకొను మెత్తని పాచియే చిగుళ్ళవ్యాధికి మూలమని దీనివలన తేలినది. కావున దినదినము ఆ పాచిని తీయునది వేపపుల్లయైనను కుంచెయైనను మేలే. వేపచేదు కొంత సాయము చేయవచ్చును గాని, దానినే నమ్మి రెండు నిమిషములలో నాలుగు ముందుపండ్లు మాత్రము రుద్దుకొని లేచినవానికి వెనుక దవడలు పుచ్చకమానవు.

మన పూర్వులు ఊరు మారిరి గాని చెట్టు మారలేదు. తెలుగునాట వేప కన్నడనాట బేవు, తమిళనాట వేంబు, మహారాష్ట్రమున కడునింబ. మన కానుగ వారి హొంగె, పుంగము, కరంజము. ఉత్తరేణి తమిళులకు నాయురువి, మరాఠీలకు ఆఘాడా. హోసూరునందును బళ్ళారియందును కాపురమున్న రైతుకుటుంబములకు పెరటిచెట్టు చాలెను. చిక్కు పట్టణములలో వచ్చినది. బొంబాయి కామాఠిపురమునకు పేరిచ్చినవారు తెలంగాణమునుండి కూలికి పోయిన కామాఠీలు. షోలాపురమున 1877లో మొదటి నూలుమిల్లు వెలసినది మొదలు తెలంగాణపు పద్మశాలీలు వేలుగా అచటికి చేరిరి. ఒంటిగది కాపురములలో, పదియిండ్లకొక కుళాయి యున్నచోట, వేపచెట్టెక్కడ? మిల్లుకూత వినబడులోపల పుల్ల నమలుచు కూర్చుండు తీరికయెక్కడ?

ఆ కొరతను పొడులు తీర్చినవి. కచ్చికపొడి, ఉప్పు, బొగ్గుపొడి, ఇటుకపొడి మన తాతమ్మలెల్ల నెరిగినవే. వీనిలో ఉప్పును తక్కిన వానితో సమానముగా నిందింపరాదు. ఇటుకపొడి మాత్రము పంటిమీది పింగాణివంటి పొరను అరగదీయును, ఒకసారి అరిగిన పొర మరల పుట్టదు. మైసూరు సీమలో స్థిరపడిన మనవారికి నంజనగూడు పండ్లపొడి పరిచితము. 1913లో బి. వి. పండితులు స్థాపించిన సద్వైద్యశాలనుండి వెలువడిన ఆ గులాబిరంగు పొడి కన్నడిగుల యింటను తెలుగువారి యింటను భేదము లేక గూటిలో నుండెడిది. ఇరుగుపొరుగువారినుండి మనము పుచ్చుకొన్న మంచి అలవాట్లలో ఇట్టివి పెక్కులు గలవు.

పుచ్చుకొనరానివానిని గూడ పుచ్చుకొంటిమి. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పుట మా కర్తవ్యమని తలచుచున్నాము.

మహారాష్ట్రమున పొగాకును పెనముమీద నల్లగా మాడ్చి పొడిగొట్టి దానితో పండ్లు తోముకొను వాడుక స్త్రీలలో ప్రబలినది. దానిని మిశ్రీ యందురు. ఒడిషాలో పొగాకును బెల్లపుపాకముతో కలిపి చేసిన గుడాఖు అను ముద్దను చిగుళ్ళకు రుద్దుకొందురు. రెండును మొదట పండ్లు శుభ్రపడుననియో, పంటినొప్పి తగ్గుననియో మొదలగును. పొగాకు మొద్దుబారజేయును గనుక నొప్పి తగ్గినట్లే తోచును. పిమ్మట దినమునకు ఒకమారు పోయి నాలుగుమారులగును. తోముట నెపము, పొగాకు పని. షోలాపురమువంటి చోట్ల బీడీలు చుట్టి సంసారములు నిలిపిన తెలుగు స్త్రీలకు పొగాకు చేతిలోనిదే. అది నోటికి పోవుట యెంత సులభమో చెప్పనక్కరలేదు. పండ్లపొడులలోను ముద్దలలోను పొగాకు కలుపరాదని భారత ప్రభుత్వము 1992లో నిషేధించినది. సుప్రీముకోర్టు 1997లో ఆ నిషేధమును సమర్థించినది. అంగడి సరకునకు చట్టమడ్డుపడవచ్చును. ఇంటి పెనముమీద మాడ్చునదానికి ఏ చట్టమడ్డుపడును?

పరులను నిందించుటకు మనకు వీలులేదు. అంతకన్న ఘోరమైన అలవాటొకటి మన సొంతము. గోదావరి లంకలలో పండు లంకపొగాకు చుట్టలకు పేరెన్నికగన్నది. యానామువారికి ఆ వాసన క్రొత్తగాదు. గురజాడవారి గిరీశము చేతిలో చుట్ట మనకు నవ్వు పుట్టించును. కాని శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో పెక్కుమంది స్త్రీలు చుట్టను తిరుగవేసి, మండుచున్న కొనను నోటిలో నుంచుకొని పీల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. గాలికి నిప్పు ఆరదు, చుట్ట యెక్కువసేపు వచ్చును, బూడిద యొడిలోని బిడ్డమీద రాలదు, రెండు చేతులును పనికి ఖాళీగా నుండును. ఇట్టివి వారు చెప్పు కారణములు. బట్టలుతుకునామెకును, నెత్తిన చేపలగంప మోయునామెకును ఇవి తేలిక కారణములు గావు. తల్లి కూతునకు నేర్పినది. అత్త కోడలికి నిప్పందించినది. 1936 ఏప్రిలు 1వ తేదివరకు గంజాము మద్రాసు రాజధానిలోని జిల్లాయే. ఆనాడు గీచిన గీత పరిపాలనను విడదీసినది గాని, బరంపురమున కాపురమున్న ఆడపడుచునకును శ్రీకాకుళపు పుట్టింటికిని గల రాకపోకలను విడదీయలేదు.

బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చికి చెందిన దంతపరిశోధకులు దేశమున అయిదు జిల్లాలలో 50,915 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి 1969లో ఫలితములు ప్రకటించిరి. అందు శ్రీకాకుళము జిల్లా యొకటి. ఆ జిల్లాలో పరీక్షింపబడిన 10,169 మందిని గూర్చి 1971లో వేరుగా ప్రకటించిన వ్యాసమున, వారిలో నూటికి నలువదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారని తేలినది. ఇతర ప్రాంతములలో అరుదుగా కనబడు అంగిలి పుండ్లు, అంగిలి క్యాన్సరు అచట ఈ అలవాటువలన తరచుగా కనబడుచున్నవని నిర్ధారణమైనది. ఆ పరిశోధకులు లెక్కలతో తృప్తిపడి యూరకుండలేదు. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారిని ఎన్నుకొని, ఏటేట ఇంటింటికి పోయి, మనిషిమనిషితో మాటలాడి, చలనచిత్రములు చూపి, రేడియోలో చెప్పించి, మానుడని బోధించిరి. 1986లో వెల్లడియైన ఫలితములలో, బోధ పొందినవారిలో మానినవారును తగ్గించినవారును ఎక్కువయైరనియు, నోటిలో తెల్లమచ్చలు క్రొత్తగా పుట్టుట తగ్గెననియు కనబడినది. చదువు రాదు, చెప్పిన వినరు అని మనము కొట్టివేయు ముసలమ్మలు, ఎదురుగా కూర్చుండి చెప్పినవారి మాట వినిరి.

తాంబూలమును గూర్చి యిక్కడ ఒక మాట చెప్పక తప్పదు, చెప్పుటకు మనసొప్పకున్నను. పెండ్లికి తాంబూలములు పుచ్చుకొనక మనకు సంబంధము కుదురదు. పేరంటమున ఆకువక్క లేక ముత్తైదువను పంపము. ఇచ్చి పుచ్చుకొను మర్యాదను ఎవరును కాదనరు. కాని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ పొగాకు కలపని ఆకువక్కను గూడ, కేవలము వక్కను గూడ, క్యాన్సరు కలిగించు వస్తువులలో 2003లో నిర్ణయించి చేర్చినది. విందు పిమ్మట ఒక విడెము వేరు, పగలంతయు బుగ్గన పెట్టుకొనుట వేరు. వక్క నమలువారికి చెంపలలోపల నారవలె గట్టిపడి నోరు తెరచుట కష్టమగు వ్యాధియు కలదు. నేడు పొట్లములలో నమ్ము వక్కపొడులవలన అది యువకులలో గూడ కనబడుచున్నది.

కొన్ని సీమలలో దోషము అలవాటునది గాదు, నీటిది. 1937లో షార్టు, సి. జి. పండిట్, రాఘవాచారి అను వైద్యులు నెల్లూరు జిల్లాలో త్రాగునీటియందలి ఫ్లోరైడువలన పండ్లకును ఎముకలకును కలుగు వ్యాధిని వర్ణించిరి. మన దేశమున మనుష్యులలో ఈ వ్యాధి మొదట గుర్తింపబడినది తెలుగునాటనే. ప్రవాసాంధ్రులు ఎక్కువగానున్న బళ్ళారి, రాయచూరు, కోలారు, ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలును ఇట్టి నీరు గలవే. పన్ను చిగురులో తయారగు బాల్యమున ఆ నీరు త్రాగినవారికి పండ్లు గోధుమరంగు చారలతో, గుంటలతో మొలచును. ఎంత తోమినను ఆ రంగు పోదు. తోమనివాడని పేరు, పెండ్లిచూపులలో మూతి మూసికొను కూతురు, ఛాయాపటములో నవ్వని పెండ్లికొడుకు. ఈ వ్యాధి యిచ్చునది నొప్పికన్న ముందు సిగ్గు. పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి నీటిని తేర్చు పద్ధతిని నాగపురపు పర్యావరణ పరిశోధన సంస్థవారు 1970వ దశకమున రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టిరి. లీటరు నీటికి ఒక మిల్లిగ్రామునకు మించరాదని నేటి ప్రమాణము. వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నరవరకు సహింతురు. లోతుబోరు త్రవ్వించినవారు తీపినీరు పడినదని సంతోషించుటతో ఆగక, ఆ నీటిని పరీక్షింపించుట మేలు.

వైద్యమునకు వత్తము. మన తాతల తరమున పంటినొప్పికి లవంగము, తగ్గనిచో ఊడబెరుకుట. లవంగతైలమును నేటి దంతవైద్యులును జింకు ఆక్సైడుతో కలిపి వాడుచున్నారు గనుక ఆ మొదటి చికిత్సకు వంక పెట్టలేము. మద్రాసువంటి పట్టణములలో ఇరువదవ శతాబ్ది మొదటి భాగమున చైనాదేశపు హూబె రాష్ట్రమునుండి వచ్చి స్థిరపడిన పండ్లవైద్యులుండిరి. వారును మనవలె ఊరు విడిచినవారే. తండ్రి విద్యను కొడుకునకు నేర్పుచు పరభాషల నడుమ బ్రదికినవారే. కళాశాలలు ఆలస్యముగా వచ్చినవి. 1920లో కలకత్తాలో డాక్టరు రఫీఉద్దీన్ అహ్మదుగారు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించిరి. దంతవైద్యుల చట్టము 1948లో వచ్చినది. మద్రాసున 1953లోను, బెంగుళూరున 1958లోను, హైదరాబాదున 1959లోను ప్రభుత్వ దంతవైద్య విద్య మొదలైనది. నేడు ప్రతి చిన్న పట్టణమునను పండ్లవైద్యుని పలక కనబడుచున్నది. అయినను మన ఇండ్లలో పెద్దవారిని కంటిపొరకు వైద్యునివద్దకు గొనిపోవుదురు, మోకాలికి గొనిపోవుదురు. పంటికి మాత్రము "ఈ వయసున నెందుకు" అందురు. చిగుళ్ళవ్యాధి గలవారికి మధుమేహము అదుపులో నుండుట కష్టము, మధుమేహము గలవారికి చిగుళ్ళు త్వరగా చెడును. ఒక్క ఇంటిలో రెండును గలిగియుండి, ఒకదానికి మాత్రమే మందు వాడుచున్నవారి సంఖ్య మనలో తక్కువ గాదు.

దంతవైద్యులు చాలకాలము పుచ్చిన పండ్లను, ఊడిన పండ్లను లెక్కించుటతో తృప్తిపడిరి. 1990 ప్రాంతమున వారి దృష్టి మారినది. 1994లో ఆస్ట్రేలియాలో స్లేడు, స్పెన్సరు అనువారు రోగినే అడుగు ప్రశ్నావళి నొకదానిని రూపొందించిరి. పలుకుటకు కష్టమగుచున్నదా, తినునప్పుడు నొప్పియా, నోటిని గూర్చి దిగులా, భోజనము నడుమ ఆపవలసివచ్చినదా, నలుగురిలో సిగ్గుపడితిరా, ఇంటివారిమీద విసుగుకొంటిరా, బ్రదుకే రుచి తగ్గినట్లు తోచినదా? ఇట్టివి ఆ ప్రశ్నలు. వీనిని చదివినప్పుడు మాకు చరకుని మాటలే తలపునకు వచ్చినవి. మన పెద్దవారి విషయమున ఈ ప్రశ్నలను ఎవరును అడుగలేదు. బంతిభోజనమునకు పిలిచిన "కడుపులో బాగులేదు" అని యింటనుండిపోవు తాతగారిని గూర్చి, మాటలాడునప్పుడు కొంగు నోటికడ్డము పెట్టుకొను అమ్మమ్మను గూర్చి, అది వారి స్వభావమని మనము సరిపెట్టుకొంటిమి.

పరసీమలో నున్న మనకు దీనివలన మరియొక నష్టమును గలదు. మన పిల్లలలో పెక్కుమందికి బడిలో తెలుగు లేదు. వారి తెలుగు పలక పెద్దవారి నోరు. తెలుగున చకార జకారములు రెండు తీరులు. తాలవ్యములు కొన్ని, దంత్యములు కొన్ని. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరిగారు ఈ భేదమును విధించిరి. చల్ల, చాప, జడ, జాము అనునపుడు నాలుక పండ్లను తాకవలెను. మరాఠీలో ఇట్టి ధ్వనులున్నవి గనుక షోలాపురపు పిల్లలు వానిని వీధిలోనైనను విందురు. బరంపురమునను మధురయందును పెరుగు పిల్లలు వినునది ఇంటనే, ముసలివారినుండియే. ముందుపండ్లు పోయిన నోట ఆ ధ్వనులు స్పష్టముగా పలుకవు. మాట స్పష్టము గాక మనుమలు "ఏమీ?" యని మరల మరల అడుగగా, ఆ పెద్దలు మాటలాడుటయే తగ్గించుకొందురు. కట్టుడుపండ్లు అమర్చుకొన్నవారికి మొదటి కొన్ని వారములు మాట తడబడును. అది తీరుటకై దినమున కొంతసేపు బిగ్గరగా చదువుడని దంతవైద్యులు సలహా చెప్పుదురు. మన ఇండ్లలో ఆ చదువు తెలుగు పుస్తకమును, మనుమలను ముందు పెట్టుకొని సాగించుటకు అడ్డమేమియు లేదు.